ఇల్లు మారినా పేరు మారకూడదు: పాత వెబ్‌సైట్‌ని కొత్త హోస్టింగ్‌కి మార్చేటప్పుడు



ఈ ఎపిసోడ్‌లో నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తాను. నాకు పదేళ్ళకు పైగా కంప్యూటర్లతోనే పని. కాబట్టి "తెలియక చేశాను" అనడానికి లేదు. "నాకు తెలుసులే" అనుకుని చేసిన తప్పు అది. అలాంటివే ఎక్కువ నష్టం చేస్తాయి.

ఒక ఆదివారం ఉదయం ఏడింటికి మా అత్తయ్య ఫోన్ చేసింది. "ఏరా, మీ మావయ్య రాసినవి తెరిస్తే అన్నీ ఏవో పిచ్చి గీతలొస్తున్నాయి. నా ఫోన్ పాడైందా?" అని అడిగింది. ఆవిడ ఫోన్ పాడవలేదు. ముందు రోజు రాత్రి ఒంటిగంటకి ఆ వెబ్‌సైట్‌ని కొత్త హోస్టింగ్‌కి మార్చి, "అబ్బ, పనైపోయింది" అనుకుని నిద్రపోయింది నేను.

ముందు ఆ సైట్ గురించి చెప్పాలి. మా మావయ్య తెనాలి దగ్గర ఒక పల్లెటూళ్ళో తెలుగు మాస్టారు. రిటైరయ్యాక 2006లో కంప్యూటర్ కొన్నారు. లేఖినిలో ఇంగ్లీష్ అక్షరాలు కొడితే తెలుగు వస్తుందని తెలుసుకుని, రోజుకో మాట గురించి రాయడం మొదలుపెట్టారు. మేడి, కర్రు, కాడి, గొర్రు, ఏతం, మోట... ఇలా వ్యవసాయంలో వాడే మాటలు. ఆ వస్తువు ఎలా ఉంటుంది, ఎవరు తయారుచేసేవారు, ఆ మాటతో ఊళ్ళో ఏ సామెత ఉంది, ఇవన్నీ రాసేవారు. అలా వెయ్యికి పైగా పోస్టులయ్యాయి. వాటి కింద కామెంట్లు ఇంకా విలువైనవి. "మా వైపు దీన్ని ఇలా అనం, అలా అంటాం" అని ఒక్కో జిల్లా నుండీ, అమెరికాలో ఉన్నవాళ్ళ నుండీ వచ్చినవి అవన్నీ.

మావయ్య పోయారు. పోయాక మా అత్తయ్య ఆదివారం పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోన్లో ఆ సైట్ తెరిచి ఒక పోస్టు చదువుకుంటుంది. ఆ పిచ్చి గీతలు ఆవిడకి ఎలా అనిపించి ఉంటాయో మీకు అర్థమయ్యే ఉంటుంది.

మరి మార్చడం ఎందుకు అంటారా? మారక తప్పని పరిస్థితి. మొదటి సంవత్సరం తక్కువ ధర చూపించి, రెన్యువల్‌కి దానికి మూడింతలు అడగడం హోస్టింగ్ వ్యాపారంలో మామూలే. దానికి తోడు పాత సర్వర్‌లో పీహెచ్‌పీ వెర్షన్ కూడా బాగా పాతది. ఫలానా తేదీ నుండి అది పనిచేయదని కంపెనీ నుండి మెయిల్ వచ్చింది. పేజీ తెరుచుకోవడానికే ఎనిమిది, పది సెకన్లు పడుతోంది. పల్లెటూళ్ళో మొబైల్ డేటా మీద చదివే అత్తయ్య లాంటి వాళ్ళకి అది చాలా ఎక్కువ.

ఇక అసలు విషయంలోకి వెళ్దాం. వెబ్‌సైట్ అనగానే అది ఒకే వస్తువు అనుకుంటాం. కాదు. అందులో మూడు వేర్వేరు విషయాలున్నాయి. ఒకటి డొమైన్, అంటే పేరు. రెండోది హోస్టింగ్, అంటే మన ఫైళ్ళు, డేటాబేస్ ఉండే కంప్యూటర్‌లో మనం అద్దెకి తీసుకున్న చోటు. మూడోది ఆ పేరు మీద నడిచే ఈమెయిల్. మూడూ ఒకే కంపెనీ దగ్గర కొంటాం కాబట్టి మూడూ ఒకటే అనిపిస్తాయి. హోస్టింగ్ మార్చాలంటే డొమైన్‌ని కూడా కదపాలి అనుకుంటారు చాలామంది. అవసరం లేదు. పేరు ఎక్కడ కొన్నారో అక్కడే ఉంచి, "ఇకపై ఈ పేరుతో ఎవరొచ్చినా ఈ కొత్త కంప్యూటర్‌కి పంపించు" అని చెప్తే చాలు.

ఆ చెప్పే వ్యవస్థనే డీఎన్‌ఎస్ అంటారు. మీ ఫోన్‌లో కాంటాక్ట్స్ లిస్ట్ లాంటిది అనుకోండి. "అమ్మ" అని పేరు నొక్కుతారు, ఫోన్ వెనకాల పది అంకెల నెంబర్ డయల్ చేస్తుంది. అమ్మ సిమ్ మార్చినా మీరు నొక్కే పేరు మారదు, వెనక నెంబర్ మారుతుంది అంతే. వెబ్‌సైట్ మార్చడం కూడా సరిగ్గా ఇంతే.

కానీ ఒక చిక్కుంది. అమ్మ కొత్త నెంబర్ తీసుకుంది. మీరు సేవ్ చేసుకున్నారు. మీ చిన్నాన్న ఇంకా పాత నెంబర్‌కే చేస్తున్నాడు. ఇంటర్నెట్‌లో కూడా అంతే. ఒక పేరుకి ఏ నెంబరో ఒకసారి తెలుసుకున్న నెట్‌వర్క్‌లు దాన్ని కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి. ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే సెట్టింగే టీటీఎల్. అది సెకన్లలో ఉంటుంది. చాలా చోట్ల 86400 అని కనిపిస్తుంది. అంటే సరిగ్గా ఒక రోజు. మీరు ఇప్పుడు నెంబర్ మార్చినా, పాతది గుర్తున్న నెట్‌వర్క్‌లు దాదాపు ఒక రోజు వరకు జనాన్ని పాత ఇంటికే పంపిస్తాయి. అందుకే మారడానికి కనీసం ఒకటి రెండు రోజుల ముందే ఆ 86400ని 300కి, అంటే ఐదు నిమిషాలకి తగ్గించుకోవాలి. అప్పుడు ఏదైనా తేడా వచ్చినా ఐదు పది నిమిషాల్లో వెనక్కి తిప్పుకోవచ్చు.

ఇది నాకు తెలుసు. తెలిసీ తగ్గించలేదు. "ఒక్క రోజే కదా" అనుకున్నాను.

నేను చేసిన పని వరసగా చెప్తాను, తప్పులు మీరే పట్టుకోండి. పాత సర్వర్ నుండి ఫైళ్ళు డౌన్‌లోడ్ చేశాను. డేటాబేస్‌ని ఎక్స్‌పోర్ట్ చేశాను. కొత్త హోస్టింగ్‌లో ఒక్క బటన్ నొక్కితే వర్డ్‌ప్రెస్ ఇన్‌స్టాల్ అవుతుంది. అది నొక్కాను. ఫొటోలు, థీమ్, ప్లగిన్లు ఉన్న పాత ఫోల్డర్ తెచ్చి అందులో పెట్టాను. డేటాబేస్‌ని ఇంపోర్ట్ చేశాను. ఇక పరీక్షించాలి కదా. కంప్యూటర్‌లో హోస్ట్స్ ఫైల్ అని ఒకటుంటుంది. అందులో "ఈ పేరుకి ఈ కొత్త నెంబర్" అని రాస్తే, ప్రపంచం మొత్తం పాత సైట్‌ని చూస్తున్నా మన కంప్యూటర్ ఒక్కటే కొత్త సర్వర్‌ని చూస్తుంది. ఆ పద్ధతిలో చూశాను. హోమ్ పేజీ బాగుంది. నాలుగు పోస్టులు తెరిచాను, బాగున్నాయి. తెలుగు చక్కగా ఉంది. డీఎన్‌ఎస్‌లో నెంబర్ మార్చేసి పడుకున్నాను.

మరి తెల్లారేసరికి ఏమైంది?

నేను రాత్రి చూసింది అసలు సైట్‌ని కాదు, సైట్ ఫొటోని. పేజీలు వేగంగా రావడం కోసం మావయ్య సైట్‌లో ఎప్పుడో ఒక క్యాషింగ్ ప్లగిన్ పెట్టాను. అది ఒక్కో పేజీని ఒకసారి తయారుచేసి, ఆ కాపీని దాచుకుని, వచ్చినవాళ్ళందరికీ ఆ కాపీనే చూపిస్తుంది. పాత ఫోల్డర్‌తో పాటు ఆ దాచుకున్న కాపీలు కూడా కొత్త సర్వర్‌కి వచ్చేశాయి. డేటాబేస్ నుండి ఒక్క అక్షరం కూడా రాకుండానే నాకు సైట్ అద్భుతంగా కనిపించింది. తెల్లవారుజామున ఆ కాపీల గడువు తీరిపోయింది. ప్లగిన్ మొదటిసారి కొత్త డేటాబేస్‌లోకి వెళ్ళి పేజీలు తయారుచేసింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

ఆ పిచ్చి గీతలు ఏంటో చెప్తాను, ఎందుకంటే పాత తెలుగు సైట్ ఉన్న ఎవరికైనా ఇది ఎదురయ్యే ప్రమాదం ఉంది. యూనికోడ్‌ని సర్వర్లలో ఎక్కువగా యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తారు. అందులో ఇంగ్లీష్ అక్షరానికి ఒక బైట్ చాలు. తెలుగులో ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతం గుర్తుకీ మూడు బైట్లు కావాలి. 2006 నాటికి మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లు మామూలుగా లాటిన్1 అనే పద్ధతితో తయారయ్యేవి. అది పశ్చిమ యూరప్ భాషల కోసం చేసినది, అందులో ఒక బైట్ అంటే ఒక అక్షరం. మావయ్య తెలుగులో రాస్తే ఆ మూడు బైట్లూ లాటిన్1 అనే చీటీ అంటించిన డబ్బాలోకి వెళ్ళాయి. పాత వర్డ్‌ప్రెస్ కూడా ఆ చీటీనే చూసి, పెట్టిన బైట్లు పెట్టినట్టే బయటికి తీసి ఇచ్చేది. కాబట్టి ఇన్నేళ్ళూ ఏ ఇబ్బందీ లేదు. డబ్బా మీద చీటీ తప్పు, లోపల సరుకు మాత్రం సరైనదే.

నేను బటన్ నొక్కి పెట్టుకున్న కొత్త వర్డ్‌ప్రెస్, తన కాన్ఫిగ్ ఫైల్‌లో "నాతో యూటీఎఫ్-8లోనే మాట్లాడాలి" అని ఒక లైన్ రాసుకుంటుంది. డేటాబేస్ ఏం చేసిందంటే, చీటీని నమ్మి, "ఓహో, ఇవి లాటిన్ అక్షరాలు కదా, నీ కోసం మార్చి ఇస్తాను" అని ఒక్కో తెలుగు అక్షరాన్నీ మూడు విడి గుర్తులుగా మార్చి ఇచ్చింది. తల మీద చిన్న గీత ఉన్న ఇంగ్లీష్ ఎ, దాని పక్కన డిగ్రీ గుర్తు, లేదంటే ప్లస్ మైనస్ గుర్తు, ఆ పక్కన ఇంకేదో. ఈ వరస పదే పదే కనిపిస్తే అది పాడైపోయిన తెలుగు అని వెంటనే గుర్తుపట్టొచ్చు. మన అక్షరాలన్నీ ఆ రెండు జతల్లో ఒకదానితోనే మొదలవుతాయి.

ఇవేవీ ఆ ఆదివారం పొద్దున్న నాకు తట్టలేదు. కంగారులో చేసిన ఒకే పని, డీఎన్‌ఎస్‌ని మళ్ళీ పాత సర్వర్‌కి తిప్పడం. అదృష్టం కొద్దీ పాత హోస్టింగ్‌ని ఇంకా క్యాన్సిల్ చెయ్యలేదు. రాత్రి దాదాపు క్యాన్సిల్ చేసేవాణ్ణే, నిద్రొచ్చి వదిలేశాను! కానీ టీటీఎల్ తగ్గించలేదు కదా. కాబట్టి ఆదివారం రోజంతా కొందరు పాత సైట్‌ని, కొందరు ఆ పిచ్చి గీతల సైట్‌ని చూస్తూనే ఉన్నారు. అత్తయ్యకి సాయంత్రం దాకా సరిగా రాలేదు. "మావయ్యవి ఏవీ పోలేదు కదరా?" అని మూడుసార్లు అడిగింది.

పోలేదు అన్నాను. ఆ మాట పూర్తిగా నిజం కాదని అప్పటికి నాకు తెలియదు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. "నీకు అనుభవం లేదు కాబట్టి ఇలా అయ్యింది, పెద్ద కంపెనీలకి ఇలా జరగదు" అనుకోవచ్చు మీరు. మైస్పేస్ అని ఒకప్పుడు ఫేస్‌బుక్ కన్నా పెద్ద సోషల్ నెట్‌వర్క్ ఉండేది. ఎంతోమంది కొత్త గాయకులు తమ మొదటి పాటలు అందులోనే పెట్టారు. 2019 మార్చిలో వాళ్ళే చెప్పారు, సర్వర్లు మార్చే పనిలో, మూడేళ్ళ కన్నా పాతవైన పాటలు, ఫొటోలు, వీడియోలు పోయాయని. సుమారు 5 కోట్ల పాటలు పోయి ఉంటాయని వార్తలొచ్చాయి. తర్వాత ఎవరో చదువు కోసం ముందే దించుకున్న కాపీ వల్ల 4.9 లక్షల పాటలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరాయి. మిగతావి? వాటిని పాడినవాళ్ళ దగ్గర ఇంకో కాపీ ఉంటేనే ఉన్నట్టు.

ఇంకొకటి. గిట్‌ల్యాబ్. ప్రోగ్రామర్లకి బాగా తెలిసిన కంపెనీ. 2017 జనవరి 31న అక్కడ ఒక ఇంజినీర్ ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో, అసలు డేటాబేస్ ఉన్న ఫోల్డర్‌ని తుడిచేశారు. "పర్లేదు, బ్యాకప్‌లు ఉన్నాయి" అని చూస్తే, రోజూ తీస్తున్నామనుకున్న బ్యాకప్ కొంతకాలంగా రావడమే లేదు. అది ఫెయిల్ అవుతోందని చెప్పే ఈమెయిల్స్ కూడా వాళ్ళకి చేరలేదు. చివరికి సుమారు ఆరు గంటల క్రితం వేరే పని కోసం తీసిన ఒక కాపీ దొరికింది కాబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల డేటా పోయింది. వాళ్ళని మెచ్చుకోవాల్సింది ఏంటంటే, ఏమీ దాచలేదు. రికవరీ పనిని యూట్యూబ్‌లో లైవ్ పెట్టి మరీ చేశారు.

అంటే బ్యాకప్ ఉండటం వేరు, ఆ బ్యాకప్‌ని తెరిచి చూడటం వేరు. తెరిచి చూడని బ్యాకప్ మీద నమ్మకం పెట్టుకోకండి.

నేను మూడు వారాలు ఆగి రెండోసారి ప్రయత్నించాను. ఈసారి చేసినవి చెప్తాను. మీలో ఎవరికైనా బ్లాగో, నాన్నగారి షాపు సైటో, కాలేజ్ ప్రాజెక్ట్ సైటో ఉంటే పనికొస్తాయి.

మొదటిది, కాపీ. ఫైళ్ళన్నీ, డేటాబేస్ మొత్తం నా సొంత హార్డ్‌డిస్క్‌లోకి తెచ్చుకున్నాను. హోస్టింగ్ కంపెనీ దగ్గర ఉన్న బ్యాకప్‌ని లెక్కలోకి తీసుకోలేదు. ఇల్లు, ఇంటి కాపీ రెండూ ఒకే బిల్డింగ్‌లో ఉంటే ఏం లాభం? 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ మంటల్లో కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అక్కడే ఉన్నవాళ్ళు చాలా నష్టపోయారు.

రెండోది, పాత కాన్ఫిగ్ ఫైల్. కొత్త బటన్ నొక్కి వచ్చినదాన్ని పక్కన పెట్టి, పాత ఫైల్‌నే తెచ్చి, అందులో డేటాబేస్ పేరు, పాస్‌వర్డ్ మాత్రం మార్చాను. అంతే, పిచ్చి గీతలు పోయి తెలుగు వచ్చేసింది! ఒక్క లైన్ తేడా. ఆ తర్వాత తీరిగ్గా, ఇంకో కాపీ మీద ప్రయోగం చేసి, డేటాబేస్‌లోని అక్షరాల పద్ధతిని యూటీఎఫ్8ఎంబీ4కి మార్చాను. ఇక్కడ ఒక జాగ్రత్త. లాటిన్ నుండి నేరుగా మార్చమంటే డేటాబేస్ మళ్ళీ ఆ గీతలనే శాశ్వతంగా రాసేస్తుంది. ముందు బైనరీగా మార్చి, అంటే చీటీ పీకేసి, తర్వాత సరైన చీటీ అంటించాలి. ఒకేసారి రెండు పనులు చెయ్యకండి. ముందు ఇల్లు మారండి, రిపేర్లు తర్వాత.

మూడోది, పరీక్ష. క్యాష్ ఫోల్డర్‌ని తుడిచేసి, క్యాషింగ్ ప్లగిన్‌ని ఆపేసి అప్పుడు చూశాను. హోమ్ పేజీ కాదు, బాగా పాత పోస్టులు, ఫొటోలున్న పోస్టులు, సెర్చ్ బాక్స్, కామెంట్ పెట్టడం, అన్నీ. తెలుగులో ఒక కామెంట్ రాసి, పేజీ మళ్ళీ తెరిచి, రాసింది రాసినట్టు వచ్చిందా అని చూశాను. మామూలుగా ఫోన్‌లో హోస్ట్స్ ఫైల్ మార్చడం కుదరదు కాబట్టి ఈ పని కంప్యూటర్ మీదే చెయ్యాలి. కొత్త సైట్ అడుగున ఒక చిన్న చుక్క పెట్టాను. ఆ చుక్క కనిపిస్తే కొత్త సర్వర్, కనిపించకపోతే పాతది. డీఎన్‌ఎస్ మార్చిన తర్వాత మొబైల్ డేటాలో ఒకసారి, వైఫైలో ఒకసారి చూస్తే ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో ఆ చుక్క చెప్పేస్తుంది.

నాలుగోది, లింకులు. వర్డ్‌ప్రెస్‌లో తెలుగు టైటిల్ పెడితే లింక్‌లో ఒక్కో అక్షరం తొమ్మిది గుర్తులుగా మారుతుంది. ఆ లింక్‌కి ఉన్న జాగా 200 గుర్తులు. అంటే 22 తెలుగు అక్షరాల దగ్గర అది తెగిపోతుంది. "ఇంత వికారంగా ఉన్నాయేంటి, చక్కగా మార్చేద్దాం" అనిపిస్తుంది. మార్చకండి. ఎక్కడెక్కడో ఎవరెవరో ఆ లింకుల్ని సేవ్ చేసుకుని ఉంటారు. లింక్ మారితే వాళ్ళకి సైట్ చచ్చిపోయినట్టే.

ఐదోది, మెయిల్, తాళాలు. డొమైన్ పేరు మీద ఈమెయిల్ ఉంటే, ఎంఎక్స్ రికార్డులు ముందే రాసి పెట్టుకోండి. పాత హోస్టింగ్ మూసేస్తే అందులోని మెయిల్స్ కూడా పోతాయి. మావయ్య ఇంకో పని చేశారు. డొమైన్ కొన్న అకౌంట్‌కి అదే డొమైన్ మీద ఉన్న ఈమెయిల్ ఇచ్చారు. అంటే సైట్ కదిలి మెయిల్ ఆగిపోతే, పాస్‌వర్డ్ రీసెట్ లింక్ వచ్చేది ఆ ఆగిపోయిన మెయిల్‌కే. ఇంటి తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపేసుకున్నట్టు! దాన్ని ముందే వేరే ఈమెయిల్‌కి మార్చాను. అలాగే హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్. కొత్త సర్వర్‌లో అది సిద్ధంగా లేకపోతే, మారిన నిమిషం నుండి అందరి ఫోన్లలో "ఈ సైట్ సురక్షితం కాదు" అని వస్తుంది. డీఎన్‌ఎస్‌లో ఒక రికార్డు పెట్టి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు.

ఆరోది, మారే సమయంలో కొత్తగా ఏదీ రాయనివ్వకపోవడం. కామెంట్లు ఆ కాసేపు మూసేశాను. వికీపీడియా వాళ్ళు కూడా ఇదే చేస్తారు. అమెరికాలో వర్జీనియాలోనూ, టెక్సస్‌లోనూ వాళ్ళకి పెద్ద డేటా సెంటర్లున్నాయి. ఒకదాని నుండి ఇంకోదానికి మారడం అలవాటుగా సాధన చేస్తుంటారు. ఆ కొద్ది నిమిషాలు చదవచ్చు, రాయడం కుదరదు. ముందే అందరికీ చెప్తారు. 2003 నుండి ఉన్న మన తెలుగు వికీపీడియా కూడా ఆ ప్రయాణంలోనే ఉంటుంది, మనకి తెలియను కూడా తెలియదు. బాగా జరిగిన మార్పు అంటే అదే.

రెండోసారి అంతా సజావుగా జరిగింది. పది నిమిషాల్లో నా ఫోన్‌లో చుక్క కనిపించింది. అత్తయ్యకి చెప్పనే లేదు. ఆదివారం చదువుకుంది. "ఈమధ్య తొందరగా తెరుచుకుంటోందిరా" అంది. అంతే.

మరి "ఏవీ పోలేదు" అన్న మాట నిజం కాదన్నాను కదా, దాని సంగతి.

కొత్త సర్వర్‌లో మొదటిసారి పెట్టిన ఆ పాడైన డేటాబేస్ ఇంకా అలాగే ఉంది. తుడిచేద్దాం అని డిలీట్ నొక్కబోయి, ఎందుకో ఒకసారి లోపలికి వెళ్ళి చూశాను. ఆ ఆదివారం మధ్యాహ్నం అందులో ఒక కామెంట్ పడింది. ఏతం గురించి మావయ్య రాసిన పోస్టు కింద. ఎవరో ఆ పిచ్చి గీతల మధ్య కూడా, పోస్టు బొమ్మ చూసి గుర్తుపట్టి, ఓపిగ్గా తెలుగులో రాశారు. ఆరు వరసలు. ఆ వరసల నిండా ప్రశ్నార్థకాలే.

ఇది ఆ గీతల్లాంటిది కాదు. పిచ్చి గీతలు కనిపిస్తున్నాయంటే లోపల బైట్లు క్షేమంగా ఉన్నాయన్నమాట, తిరిగి తెచ్చుకోవచ్చు. కానీ ఆ రోజు వర్డ్‌ప్రెస్ తెలుగు అక్షరాన్ని ఇస్తే, లాటిన్ చీటీ ఉన్న డబ్బా "ఇది నా దగ్గర లేదు" అని ఒక్కో అక్షరం బదులు ఒక ప్రశ్నార్థకం రాసుకుంది. డేటాబేస్‌లోనే అలా ఉంటే ఇక ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. మాటల మధ్య ఖాళీలు అలాగే ఉన్నాయి. ఎన్ని మాటలో లెక్కపెట్టగలను, ఒక్క మాటా చదవలేను. మధ్యలో 1964 అనే అంకె ఒక్కటే మిగిలింది. రాసినవాళ్ళ పేరు కూడా ప్రశ్నార్థకాలే.

ఈమెయిల్ మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లో ఉంటుంది కాబట్టి మిగిలింది. ఉన్నదున్నట్టు రాశాను. "అయ్యా, మీరు రాసింది నా పొరపాటు వల్ల పాడైపోయింది. దయచేసి మళ్ళీ రాయగలరా?" అని. పదకొండు రోజులకి జవాబొచ్చింది. పెద్దాయన. 1964లో వాళ్ళ నాన్నగారు ఆఖరిసారి ఏతం తొక్కారట, ఆ తర్వాత ఊరికి కరెంట్ మోటర్ వచ్చిందట. తొక్కుతూ పాడే పాట నాలుగు చరణాలు మొదటిసారి రాశారట. "ఆ రోజు ఎందుకో వరసగా గుర్తొచ్చింది బాబూ. ఇప్పుడు రెండే గుర్తొస్తున్నాయి" అని ఆ రెండూ పంపించారు.

ఆ రెండు చరణాలూ ఇప్పుడు మావయ్య పోస్టు కింద ఉన్నాయి. మిగతా రెండూ నా వల్ల పోయాయి. టీటీఎల్ 300 పెట్టి ఉంటే, క్యాష్ ఆపి చూసి ఉంటే, కామెంట్లు ఒక్క రోజు మూసి ఉంటే అవి ఉండేవి. రెండు నిమిషాలు కూడా పట్టని పనులు అవి.

ఫ్రెండ్స్, నెలకి వందా రెండొందలు మిగులుతాయనో, వేగంగా ఉంటుందనో హోస్టింగ్ మార్చండి, తప్పు లేదు. కానీ మారేది ఫైళ్ళు అనుకోకండి. అందులో వేరేవాళ్ళు నమ్మకంతో రాసి పెట్టిన మాటలుంటాయి. పాత ఇంటిని వెంటనే ఖాళీ చెయ్యకండి, కనీసం ఒక నెల అద్దె కట్టి ఉంచండి. కాపీ మీ చేతిలో ఉంచుకోండి, దాన్ని తెరిచి చూడండి. ఏదైనా తుడిచే ముందు ఒక్కసారి లోపలికి వెళ్ళి చూడండి.

ఇంకో చిన్న పని. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఆన్‌లైన్‌లో రాస్తూ ఉంటే, ఈ వారం వాళ్ళ దగ్గర కూర్చుని, డొమైన్ ఎక్కడ కొన్నారు, ఏ ఈమెయిల్ ఇచ్చారు, రెన్యువల్ ఎప్పుడు అని అడిగి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మా మావయ్యని నేను అడగలేదు.

ఇప్పటికి సెలవు. మరో ఎపిసోడ్‌లో కలుద్దాం.